మాస్టారు అన్న ఒక్క ఊఁ

ఏటా ఆగస్టు మొదటి వారంలో, కొత్తగా దిగిన విదేశీ టీచర్లందరినీ విద్యాశాఖవాళ్ళు ఊరి హాల్లో కూర్చోబెట్టి, కాగితాల కట్ట ఒకటి చేతిలో పెట్టి, కురోయివా మాస్టారికి ఒప్పజెప్పి చేతులు దులుపుకుంటారు. పదకొండేళ్ళుగా ఇదే తంతు. ఆ హాల్లో ఏసీ ఉందంటే ఉంది, లేదంటే లేదు. వచ్చినవాళ్ళలో ఒకరిది ఐర్లండు, ఒకరిది ఘనా, ఇంకొకరిది కెనడా. ఊళ్ళు వేరైనా అందరిదీ ఒకటే నిద్ర, ఒకటే చెమట.

మాస్టారు ముప్ఫై ఆరేళ్ళు మిడిల్ స్కూళ్ళలో ఇంగ్లీషు చెప్పి ఈమధ్యే రిటైరైన మనిషి. యమగాత కొండల్లో పుట్టి, అక్కడే పెరిగి, ఇంటిముందు మంచు ఎత్తిపోసీ పోసీ నడుం పట్టేసిన మనిషి. ఆయన ఇంగ్లీషు యాస విని కెనడావాడు కాసేపు అది జపనీసే అనుకుంటాడు. అయితేనేం, నోరు మంచిది. పది నిమిషాల్లో అందరి నిద్రా వదలగొడతారు.

"ఇక్కడ చదువుల ఏడాది ఏప్రిల్లో మొదలై మార్చిలో అయిపోతుంది. మీరు ఆగస్టులో దిగారు. సినిమా సగంలో వచ్చి కూర్చున్నారన్నమాట. హీరో ఎవరు, విలనెవరు అని పక్కవాణ్ణి గోకకండి. ఓపిగ్గా చూడండి, అదే తెలుస్తుంది.

"స్కూల్లో ఊడ్చే మనిషెక్కడా అని వెతక్కండి. పిల్లలే ఊడుస్తారు, వాళ్ళతో పాటు మీరూ ఊడుస్తారు. చీపురు పట్టుకుని ఫొటో దిగడం ఊడ్వడం కిందికి రాదు. పోయినేడు ఒకాయన అదే చేశాడు.

"క్లాస్ టీచరంటే సగం తల్లి, సగం పోలీసు. పిల్లాడు కొట్లో రబ్బరు ఎత్తుకుపోతే కొట్టువాడు ఇంటికి ఫోన్ చెయ్యడు, క్లాస్ టీచరుకి చేస్తాడు. నాకు ఓసారి పెళ్ళి విందులో ఫోనొచ్చింది. లేచి వెళ్ళిపోయాను. పెళ్ళెవరిదనుకున్నారు? నా సొంత తమ్ముడిది. వాడు ఇవాళ్టికీ దెప్పుతాడు."

అందరూ నవ్వుతారు. ఆ నవ్వు మీదే మాస్టారు ఇంకోటి కలుపుతారు. "మేం ఎవర్నీ ఫెయిల్ చెయ్యం. మిడిల్ స్కూలు దాకా అందరూ పై క్లాసుకి వెళ్ళిపోతారు. ఏడాదంతా ఒక్కరోజు కూడా రాకపోయినా వెళ్ళిపోతారు." దీనికీ నవ్వుతారు. ఇక్కడ మాత్రం మాస్టారు నవ్వరు.

ఆఖర్న ఒక సంగతుంటుంది. అక్కడికొచ్చేసరికి ఆయన మంచినీళ్ళ గ్లాసు అందుకుంటారు. "ప్రతి మార్చిలో టీచర్లకి బదిలీలు. ఎవరెక్కడికి పోతున్నారో పేపర్లో పడేదాకా బయటికి పొక్కకూడదు. పిల్లలకి అసలే చెప్పకూడదు. సరే, ఇప్పుడు బూట్ల సంగతి చూద్దాం." అంతే, పరుగో పరుగు. మిగతావన్నీ అరగంట సాగదీసే మనిషి ఈ ఒక్కటీ రెండు గుక్కల్లో మింగేస్తారు. అక్కడ ఆయన ఎందుకు పరుగెడతారో తెలియాలంటే పన్నెండేళ్ళు వెనక్కి, మియుచి మిడిల్ స్కూలుకి పోవాలి.

అప్పుడు ఆయన రెండో సంవత్సరం రెండో సెక్షనుకి క్లాస్ టీచరు. ఆ క్లాసులో ఇగరాషి చిసాతో అని ఒక పిల్ల, పద్నాలుగేళ్ళది. పియానో బాగా వాయించేది. అక్టోబరులో స్కూలంతటికీ క్లాసులవారీగా పాటల పోటీ పెడతారు. నెల్లాళ్ళపాటు పొద్దున్నా సాయంత్రం ఒకటే సాధన. ఆ ఏడు రెండో సెక్షనుకే కప్పు అని అందరూ అనుకున్నారు. తీరా పోటీ రోజున పాట మధ్యలో చిసాతో వేళ్ళు తడబడ్డాయి. ఒక వరుస ఎగిరిపోయింది. పాడేవాళ్ళలో సగంమంది ఆగారు, సగంమంది పాడుతూ పోయారు. కప్పు మూడో సెక్షనువాళ్ళు ఎగరేసుకుపోయారు.

ఎవరైనా నాలుగు మాటలు తిట్టి ఉంటే బాగుండేది, ఏడ్చి మర్చిపోయేది. కానీ మర్నాడు క్లాసులో ఒక్కరూ ఆ ఊసే ఎత్తలేదు. మొహాలన్నీ మామూలుగానే ఉన్నాయి, మాటలే లేవు. మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆ పిల్ల బల్లకి రెండు పక్కలా బల్లలు జానెడు జానెడు ఎడంగా జరిగాయి. మాస్టారు అది చూశారు. పిల్లల గొడవ, రెండ్రోజుల్లో సర్దుకుంటుందిలే అనుకున్నారు. వారం తిరిగేసరికి చిసాతో బడి మానేసింది.

అప్పట్నుంచి ప్రతి శుక్రవారం సాయంత్రం మాస్టారు వారంరోజుల కాగితాలు, హోంవర్కు ఓ కవరులో వేసుకుని ఇగరాషివాళ్ళ ఇంటికి వెళ్ళేవారు. ఆ ఇంట్లో ముగ్గురే. తల్లి పక్క ఊళ్ళో ఫ్యాక్టరీకి పోయేది, సాయంత్రం దాకా ఉండేది కాదు. ఉండేది నాయనమ్మ ఉమే. ఎనభై దాటిన మనిషి, మాట మాత్రం పదును తగ్గలేదు.

"మళ్ళీ వచ్చేరా మాస్టారూ? మా ఇంటికి పోస్టుమేనైనా ఇన్నిసార్లు రాడు."

"పోస్టుమేన్‌కి మీ ముల్లంగి ఊరగాయ పెట్టరు కదండీ. నాకు పెడతారు."

"పెడతానుండండి. పిల్లకి చదువు చెప్పనేకపోతన్నారు, ఊరగాయైనా తినండి."

కింద సెగ పెట్టి, మీద బొంత కప్పిన బల్ల దగ్గర కాళ్ళు దూర్చుకుని మాస్టారు కూర్చునేవారు. పక్కగదికి అడ్డంగా జారుడు తలుపు. తలుపు వెనక ఆ పిల్ల. ఆయన నాయనమ్మతో మాట్లాడుతున్నట్టే గట్టిగా అన్నీ చెప్పేవారు. లెక్కల మాస్టారు జారి మంచులో పడ్డ సంగతి, సైన్సు గదిలో చేప పిల్లలు పెట్టిన సంగతి. తలుపు అవతల చడీ చప్పుడూ ఉండేది కాదు. డిసెంబరులో ఓ రోజు లెక్కల మాస్టారు రెండోసారి పడ్డ కథ చెబుతుంటే అవతల కిసుక్కుమన్న చప్పుడైంది. ఉమే వేలు నోటిమీద పెట్టుకుని, కళ్ళు ఇంత చేసుకుని మాస్టారి వైపు చూసింది. ఆ రోజు తిరుగుదారిలో ఆయన కారులో పాట పాడుకుంటూ వెళ్ళారు.

ఆయనకి తోడుగా అప్పుడప్పుడూ డెలిస్ వచ్చేది. స్కూల్లో ఇంగ్లీషుకి సాయంగా వచ్చిన జమైకా పిల్ల. అప్పటికి ఆరు నెలలైంది వచ్చి. చలికి ముక్కు తప్ప ఏదీ కనపడకుండా చుట్టుకుని వచ్చేది. భాష రాకపోయినా, తలుపు సందులోంచి బొమ్మలేసిన కార్డులు లోపలికి తోసేది. మూడో వారం నుంచి కార్డులు లోపల్నుంచి బయటికి రావడం మొదలైంది.

ఫిబ్రవరిలో, పైకప్పు మీంచి మంచు దభీమని జారిపడుతున్న ఓ శుక్రవారం, తలుపు వెనక నుంచి మొదటిసారి మాట వచ్చింది.

"మాస్టారూ. వచ్చే ఏడు కూడా మా క్లాస్ టీచరు మీరేనా?"

మూడో సంవత్సరం అంటే మాటలు కాదు. హైస్కూలు పరీక్ష ఆ ఏడే. బడికి ఎన్ని రోజులు వచ్చిందీ స్కూలు రాసిచ్చే కాగితంలో ఉంటుంది. ఆ ఏడు కూడా ఇంట్లోనే ఉండిపోతే మంచి హైస్కూలు తలుపు మూసుకుపోయినట్టే. మామూలుగా రెండో ఏడు చూసిన టీచరే ఆ పిల్లలతోపాటు మూడో ఏడుకీ వెళ్తాడు. మాస్టారు హెడ్మాస్టర్ని అడిగి కూడా ఉంచారు. ఆయనా తల ఊపాడు.

"నేనే. ఇంకెవరొస్తారు? మిమ్మల్ని భరించడానికి ఇంకెవరికుంది ఓపిక?"

తలుపు దగ్గరికి జరిగిన చప్పుడైంది. తర్వాత, "అయితే ఏప్రిల్ నుంచి వస్తాను. మీ క్లాసైతేనే," అంది తలుపు.

ఉమే ఆప్రాన్ అంచుతో కళ్ళొత్తుకుంది. ఆ పిల్లని చదువులోకి మళ్ళీ లాక్కొచ్చే తాడు ఇదొక్కటే, అది తన చేతిలో ఉందని ఆయనకి ఆ రోజు స్పష్టంగా తెలిసింది.

మార్చి పదిహేడున హెడ్మాస్టరు తోగాషి ఆయన్ని గదిలోకి పిలిచి తలుపు వేశాడు. మార్చిలో హెడ్మాస్టరు తలుపు వేశాడంటే ఒక్కటే అర్థం.

"కురోయివాగారూ, సముద్రం వైపు. సకాత దగ్గర. అక్కడ ఇంగ్లీషు మనిషి అర్జంటుగా కావాలట. నేను చేతనైనంత చెప్పి చూశాను."

"సార్, ఇగరాషి చిసాతో... నేను మాటిచ్చాను."

"తెలుసయ్యా. నాకూ బాధగానే ఉంది. కానీ పై నుంచి వచ్చింది. పేపర్లో పడేదాకా ఈ గోడలు దాటకూడదు. మీకు చెప్పక్కర్లేదనుకోండి, మీరు కొత్తవారా?"

కొత్తవారు కాదు. అదే వచ్చిన చిక్కు. ఇరవై నాలుగేళ్ళలో ఐదుసార్లు బదిలీ అయిన మనిషి. ఐదుసార్లూ నోరు కట్టేసుకున్నారు, పెళ్ళానికి తప్ప ఎవరికీ చెప్పలేదు. అందరూ అలాగే చేస్తారు. ఒకళ్ళు చెప్తే ఇంకొకళ్ళ సంగతీ బయటపడుతుంది, తల్లిదండ్రులు గోల చేస్తారు, పిల్లలు చివరి వారం చదవరు. ఈ కారణాలన్నీ ఆయనకి కంఠతా వచ్చు. కొత్త టీచర్లకి ఆయనే చెప్పేవారు.

మర్నాడు శుక్రవారం. కాగితాల కవరు పట్టుకుని వెళ్ళారు. వెళ్ళకుండా ఉండాల్సిందేమో. గుమ్మంలో బూట్లు విప్పుతుండగానే జారుడు తలుపు జరిగిన చప్పుడైంది. ఐదు నెలల తర్వాత ఆ పిల్ల మొహం చూశారు. కొంచెం పొడుగైంది, బాగా పాలిపోయింది, జుట్టు భుజాలు దాటింది. రెండు చేతుల్లో కొత్త జత తెల్లని లోపలి బూట్లు, స్కూల్లో తొడుక్కునేవి, ముందు ఆకుపచ్చ పట్టీ ఉన్నవి, గుండెలకి ఆనించి పట్టుకుంది.

"పాతవి పట్టట్లేదు. నిన్న అమ్మతో వెళ్ళి కొన్నాను. పేరు నేనే రాశాను, చూడండి."

మడమల మీద నల్ల సిరాతో ఇగరాషి అని రాసి ఉంది. కుడికాలిది కొంచెం వంకరపోయింది.

"బాగున్నాయి," అన్నారు మాస్టారు.

"నాకు భయంగా ఉంది మాస్టారూ. ఏప్రిల్ ఎనిమిది, బడి తెరిచే పొద్దున, గుమ్మంలో బూట్ల అరల దగ్గర అందరూ ఉంటారు కదా. మీరు అక్కడ నించుంటారా? ఒక్కరోజే. తర్వాత అక్కర్లేదు."

లోపల నాయనమ్మ కెటిల్ ఈల వేస్తోంది. చెప్పడానికి ఎంత పడుతుంది? "నాకు బదిలీ అయిందమ్మా." మూడు మాటలు. పోనీ, "ఇంకా తెలీదమ్మా" అన్నా సరే. అది రెండు మాటలే. మాస్టారి నోటికి ఎప్పుడూ మాటలకి కరువు లేదు. ఆ రోజు మాత్రం నీళ్ళు నమిలారు. ఆ పిల్ల కళ్ళల్లోకి చూడలేక బూట్ల వైపు చూస్తూ, "ఊఁ," అన్నారు.

"నిజంగా?"

"ఊఁ."

ఆ వేళ ఊరగాయ ముట్టలేదు. "ఒంట్లో బాలేదా?" అని ఉమే అడిగితే, జలుబు చేసిందన్నారు.

పేపర్లో పడ్డాక వెళ్ళి చెబుదాం, అనుకున్నారు. అప్పుడిక రూలు అడ్డం రాదు. మార్చి ఇరవై ఐదున పేపర్లో పడింది. సన్న అక్షరాల్లో నాలుగు పేజీల నిండా పేర్లు, ఏ స్కూలు నుంచి ఏ స్కూలుకి అన్నది. ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ ఆ పేజీలు పరిచి వేలు పెట్టి మరీ చదువుతారు. ఇగరాషివాళ్ళు కిందటేడే పేపరు మానేశారు. ఆ సంగతి మాస్టారికి తెలుసు. చలికాలమంతా ఊరగాయ జాడీల కింద పరవడానికి తన ఇంటి పాత పేపర్లు తీసుకెళ్ళి ఇచ్చింది ఆయనే.

బదిలీ అయ్యేవాళ్ళకి వీడ్కోలు సభ ఇరవై తొమ్మిదిన పెట్టారు. పిల్లలు సెలవుల్లో కూడా యూనిఫాం వేసుకుని వచ్చారు, పూలగుత్తులిచ్చారు, ఆడపిల్లలు వెక్కి వెక్కి ఏడ్చారు. చిసాతో రాలేదు. ఉందని తెలిస్తే కదా వచ్చేది! ముప్ఫయ్యోతేదీ మాస్టారు కారు తీసి ఇగరాషివాళ్ళ సందు మొగ దాకా వెళ్ళారు. వాకిట్లో ఉమే కరుగుతున్న మంచుని పారతో గట్టుకి తోస్తోంది. ఆయన కారు దిగలేదు. వెనక్కి తిప్పుకుని ఇంటికొచ్చేశారు.

"చెప్పేశారా?" అని అడిగింది భార్య ఫుసాఎ, పెట్టెలకి టేపు వేస్తూ.

"ఇంట్లో లేరు."

"ఈ మంచులో ఎనభై ఏళ్ళావిడ ఎక్కడికి పోయిందండీ, స్కేటింగుకా?"

మాస్టారు టేపు అందుకుని ఇంకో పెట్టె మూశారు. ఆ పిల్లకి ఉత్తరం రాద్దామని కూర్చుని మూడు కాగితాలు చింపారు. కొత్త క్లాస్ టీచరుకి ఇచ్చే కాగితంలో మాత్రం శుభ్రంగా రాశారు: ఇగరాషి చిసాతో ఎనిమిదో తేదీ వస్తుంది, దయచేసి బూట్ల అరల దగ్గర కనిపెట్టుకుని ఉండండి. అది రాశాక కాస్త ఊపిరి తీసుకున్నారు. ఆ కొత్త టీచరు కూడా బదిలీ మీద ఆ పొద్దునే దిగుతాడని, వేదిక మీద పరిచయానికి నిలబెడతారని, పిల్లలొచ్చే వేళకి హెడ్మాస్టరు గదిలో టీ తాగుతూ ఉంటాడని ఆయనకి తెలియదా? ఐదు బదిలీలు చూసిన మనిషికి తెలియకేం. తట్టలేదు, అంతే. నాలుగో ఉత్తరం ఏడో తేదీన పోస్టులో వేశారు. అది తొమ్మిదిన చేరింది.

ఎనిమిదో తేదీ మధ్యాహ్నం, సకాత దగ్గరి కొత్త స్కూల్లో భోజనాల వేళ, ఫోనొచ్చింది. డెలిస్.

"ఆ పిల్ల వచ్చింది. ముందు నేను గుర్తుపట్టలేదు. గుమ్మం బయట చాలాసేపు నించుంది. తర్వాత లోపలికొచ్చి ఆ కొత్త బూట్లు తొడుక్కుంది. గోడమీద ఏ క్లాసుకి ఎవరు టీచరో రాసిన కాగితం చూసింది. పక్కనున్న పిల్లల్ని ఏదో అడిగింది. నాకు 'కురోయివా మాస్టారు' అన్నదొక్కటే అర్థమైంది. ఒకమ్మాయి నవ్వుతూ ఏదో చెప్పింది. చెడ్డగా కాదు, మామూలుగానే."

"తర్వాత?"

"బూట్లు విప్పి, అరలో సరిగ్గా సర్ది పెట్టి, బయటి బూట్లు వేసుకుని వెళ్ళిపోయింది. నేను వెనకాల పరిగెత్తాను. ఏమని ఆపను? నాకు భాషేది? మీరుండాల్సింది అక్కడ!"

"నాకు బదిలీ..."

"అది ఊరందరికీ తెలుసట! పేపర్లో కూడా వేశారట! ఆ పిల్లకెందుకు చెప్పలేదు మీరు?"

"చెప్పకూడదు డెలిస్. ఇక్కడ రూలు అది."

"మా అమ్మ దగ్గర ఆ మాట అని ఉంటే చెంప పగిలేది. దాన్ని మేం అబద్ధం అంటాం," అని ఫోన్ పెట్టేసింది.

మాస్టారికి తల కొట్టేసినట్టయింది. కోపం కూడా వచ్చింది. ఎనిమిది నెలల నాడు వచ్చిన పిల్ల, దీనికేం తెలుసు మా పద్ధతులు, అని రెండు రోజులు లోలోపల ఉడుక్కున్నారు. మూడో రోజుకి ఆ ఉడుకు చల్లారింది. చల్లారాక మిగిలింది చాలా ఘోరంగా ఉంది.

చిసాతో మళ్ళీ ఆ స్కూలు గుమ్మం తొక్కలేదు. మరుసటి మార్చిలో సర్టిఫికెట్ ఇంటికి పంపారు. మరి మనం ఎవర్నీ ఫెయిల్ చెయ్యం కదా. మూడో సంవత్సరంవాళ్ళు వెళ్ళిపోగానే బూట్ల అరలు ఖాళీ చేస్తారు. డెలిస్ ఆ రోజు ఆ తెల్లబూట్లు తీసి దాచింది. దేశం వదిలి వెళ్ళేముందు రైల్లో రెండున్నర గంటలు కూర్చుని సకాత వచ్చి, ఆ జత మాస్టారి చేతిలో పెట్టి వెళ్ళింది. తిట్టలేదు. "మీరు మంచివారే. అందుకే నాకు అంత కోపమొచ్చింది," అంది. అప్పటికి ఆవిడకి భాష బాగానే వచ్చేసింది.

ఆ బూట్లు మాస్టారింట్లో బూట్ల బీరువా పై అరలో పదేళ్ళకి పైగా ఉన్నాయి. ఫుసాఎ దుమ్ము దులిపినప్పుడల్లా తీసి మళ్ళీ అక్కడే పెడుతుంది.

ఈ ఏడు జూన్ చివర్లో, చెర్రీ పళ్ళ రోజులు, మాస్టారు కొండ దారిలోని రైతుల బజారుకి వెళ్ళారు. పళ్ళు అట్టపెట్టెల్లో పేరుస్తున్న ఓ అమ్మాయి చెయ్యి ఆపి ఆయన్ని తేరిపార చూసింది.

"కురోయివా మాస్టారు కదూ?"

ఆయన గుర్తుపట్టలేదు. ఆప్రాన్ మీది పేరు చదివారు, ఇగరాషి అని ఉంది.

"పోల్చుకోలేకపోయారా? లావయ్యాను లెండి. రోజంతా పళ్ళ మధ్య ఉంటే ఇంకేమవుతాను?" అని నవ్వింది. అచ్చు ఉమే నవ్వు. హైస్కూలు పోస్టులోనే చదివిందట. నాలుగేళ్ళు పట్టిందట. నాయనమ్మ పోయి ఆరేళ్ళయిందట. "మీరు వచ్చే శుక్రవారాలకని ముల్లంగి జాడీ ఒకటి విడిగా పెట్టేది. ఆ తర్వాత కూడా చాన్నాళ్ళు పెట్టింది."

మాస్టారు టోపీ తీసి, నడుం నొప్పి కూడా చూసుకోకుండా, నేలకి సమానంగా వంగారు.

"నన్ను క్షమించమ్మా. ఆ రోజు నీకు చెప్పాల్సింది. బదిలీ అయిందని నాకు అప్పటికే తెలుసు. తెలిసే ఊఁ అన్నాను."

"అయ్యో, లేవండి మాస్టారూ, అందరూ చూస్తున్నారు. రూలు కదా. పెద్దయ్యాక నాకూ తెలిసింది."

"నేనక్కడ ఉండుంటే నువ్వు..."

ఆ అమ్మాయి చేతిలోని పండుని తుడిచి పెట్టెలో పెట్టింది.

"మీరు లేరని కాదండీ నేను వెళ్ళిపోయింది. బదిలీ అయిందని మీరు ముందే చెప్పుంటే ఏడ్చేదాన్ని, కానీ వచ్చేదాన్ని. అప్పటికి రావాలని నిశ్చయించేసుకున్నాను, బూట్లు కూడా కొన్నాను కదా. అక్కడ అడిగితే, 'అదేంటి, నీకు తెలీదా, పేపర్లో వచ్చిందిగా, మేమంతా పూలు కూడా ఇచ్చాం' అన్నారు. ఊరందరికీ తెలిసి నాకొక్కదానికే తెలీలేదు. మా ఇంటికి ప్రతి శుక్రవారం వచ్చే మనిషి గురించి. పాటల పోటీ తర్వాత కూడా అంతే కదండీ. అందరూ ఏదో అనుకుంటారు, నాకొక్కదానికే చెప్పరు. మీరు మాత్రం అలా కాదనుకున్నాను."

ఇంతా చెప్పి మళ్ళీ నవ్వేసింది. మాస్టారు టోపీ మళ్ళీ పెట్టుకున్నారు. "నీ బూట్లు నా దగ్గర ఉన్నాయమ్మా," అన్నారు.

"ఇంకానా? పారేయండి మాస్టారూ, ఇప్పుడు నా పాదం దూరదు." ఓ పెట్టెలో మరో గుప్పెడు పళ్ళు ఎక్కువ వేసి ఆయన చేతిలో పెట్టింది. అవతల ఎవరో పిలిస్తే, "వస్తున్నా!" అని కేకేసి వెళ్ళిపోయింది.

ఇంటికొచ్చాక ఫుసాఎ పళ్ళు కడిగి పళ్ళెంలో పోసింది. మాస్టారు ఒక్కటీ నోట పెట్టలేదు. "పుల్లగా ఉన్నాయా?" అందావిడ. "తినలేదు," అన్నారు. ఇన్నేళ్ళూ ఆయన పెట్టుకున్న ఓదార్పు ఒకటుండేది. నేను అక్కడ లేకపోవడం వల్ల జరిగింది, బదిలీ నా చేతుల్లో లేదు, అనేది. ఆ సాయంత్రంతో అదీ పోయింది. జరిగింది తను అక్కడ లేకపోవడం వల్ల కాదు. తన చేతుల్లో ఉండీ చెప్పని ఆ మూడు మాటల వల్ల.

ఆగస్టు వచ్చింది. అదే హాలు, అదే ఏసీ. మాస్టారు సినిమా సగంలో వచ్చారన్న జోకు వేశారు, చీపుర్ల సంగతి చెప్పారు, తమ్ముడి పెళ్ళి చెప్పారు. బదిలీల దగ్గర గ్లాసు అందుకున్నారు, పరిగెత్తబోయారు. ముందు వరసలో ఘనా అమ్మాయి ఒకతె చెయ్యెత్తింది. పేరు అబెనా. పొద్దుట్నుంచి ప్రతి మాటా పుస్తకంలో రాసుకుంటోంది.

"సార్, ఓ సందేహం. ఏప్రిల్లో మీరుంటారా అని ఏ పిల్లాడైనా సూటిగా మొహమ్మీదే అడిగితే?"

పదకొండేళ్ళలో ఇద్దరు ముగ్గురు అడిగారిది. నవ్వి, మాట మార్చెయ్యండి అని చెప్పేవారాయన. వెనక వరసలో విద్యాశాఖ యువకుడు ఒకడు టైము చూసుకుంటున్నాడు.

"చెప్పెయ్యండి," అన్నారు మాస్టారు.

విద్యాశాఖ యువకుడు తలెత్తాడు. "సార్, అది మరి, రూల్స్ పుస్తకంలో..."

"పుస్తకంలో ఏముందో నాకు తెలుసు నాయనా, రాసినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఉండనని తెలిస్తే ఉండనని చెప్పండి. చెప్పే ధైర్యం లేకపోతే కనీసం తెలీదనండి. పై నుంచి చివాట్లు పడతాయి, పడండి. వారంలో మర్చిపోతారు. పిల్లలు మర్చిపోరు."

అబెనా రాయడం ఆపి తలెత్తింది. ఆ అమ్మాయికి ఎగతాళి లేదు, నేర్చుకుందామనే అడిగింది.

"మిమ్మల్ని ఎవరైనా అలా అడిగారా సార్? చెప్పేశారా మీరు?"

మాస్టారు గ్లాసు కింద పెట్టారు.

"అడిగిందమ్మా," అన్నారు. "చెప్పలేదు. ఊఁ అన్నాను."